పైన మడి, కింద గని: భూగర్భ బొగ్గు తవ్వకానికి ముందు నేలను అంచనా కట్టే తీరు

భూగర్భ బొగ్గు గని కోసం ప్రతిపాదించిన నేలకు పర్యావరణ ప్రభావ అంచనా వేయడంలో మొదటి చిక్కు ఒకటుంది. తవ్వకం మొదలైనా ఆ నేల ఎప్పటిలాగే కనిపిస్తుంది. ఓపెన్‌కాస్టు గనికైతే భూమి సేకరిస్తారు, ఊరు లేపుతారు, మట్టి తోడి గుట్టలు పోస్తారు. పోయింది ఎంతో ఎకరాల్లో రాసుకోవచ్చు. ఏటవాలు ఇంక్లైన్ గుండానో నిలువు షాఫ్టు గుండానో దిగి వంద నుంచి మూడు వందల మీటర్ల లోతున బొగ్గు తీసే గనికి పైన కావలసిన చోటు కొద్దిపాటిదే. గని మొగ, ఫ్యాన్ హౌస్, ల్యాంప్ రూమ్, బొగ్గు బంకరు, ఇసుక నింపే గని అయితే ఇసుక బంకరు ఉంటే చాలు. మిగతా లీజు భూమిలో పత్తి, వరి, టేకు అడవి, చెరువు, ఇళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కింద బొగ్గు ఖాళీ అయిన కొన్ని నెలలకో కొన్నేళ్లకో గానీ ఆ భూమి సంగతి తేలదు.

అందుకే ఈ అంచనాల మీద నడిచే వాదం ‘తక్కువ’ అనే మాట చుట్టూ తిరుగుతుంది. ఓపెన్‌కాస్టుతో పోలిస్తే భూగర్భ గని వల్ల నేలకు నష్టం తక్కువన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎంత తక్కువ, ఎవరికి తక్కువ, ఎన్నాళ్లు తక్కువ అన్న దగ్గరే.

గోదావరి లోయ నేపథ్యం

భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ప్రాణహిత, గోదావరి నదుల లోయ వెంట దాదాపు 350 కిలోమీటర్ల పొడవున, ఇప్పటి ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి భూపాలపల్లి మీదుగా కొత్తగూడెం, ఖమ్మం దాకా ఈ బొగ్గు క్షేత్రం పరుచుకుని ఉంది. తొలి 80 ఏళ్లకు పైగా ఇక్కడ బొగ్గు బాయి అంటే నేల కిందికి దిగేదే. తట్టా, చెమ్మాస్‌లతో బొగ్గు ఎత్తిన ఆ రోజుల్లో ముందస్తు పరిశీలన అంటే గని లోపలి భద్రతకు సంబంధించిందే. కప్పు నిలుస్తుందా, గాలి ఆడుతుందా, పాత బాయి నీళ్లు మీద పడతాయా అని చూసేవారు. పైనున్న నేల విషయంలో బొగ్గు గనుల నిబంధనలు కోరింది చాలా కొంచెం. రైలు పట్టాకు, ప్రజా రహదారికి, కట్టడానికి 45 మీటర్ల దగ్గరికి తవ్వకం వస్తే గనుల భద్రతా అధికారుల అనుమతి తీసుకోవాలి. పొలం ఆ జాబితాలో లేదు.

1975లో రామగుండంలో తొలి ఓపెన్‌కాస్టు మొదలయ్యాక దృశ్యం మారిపోయింది. 2023-24లో సింగరేణి తీసిన సుమారు 7 కోట్ల టన్నుల్లో సింహభాగం ఓపెన్‌కాస్టులదే. దేశం మొత్తం మీద చూసినా భూగర్భ గనుల వాటా నూటికి నాలుగు టన్నులు దాటదు. తెలంగాణ ఉద్యమ కాలంలో ‘బొందలగడ్డ’ అన్న మాట ఓపెన్‌కాస్టుకు మారుపేరైంది. ఊళ్లు పోతున్నాయని పర్యావరణవాదులు, కొలువులు పోతున్నాయని కార్మిక సంఘాలు ఒకే గొంతుతో భూగర్భ గనులే కావాలన్నారు. ఈ అరుదైన పొత్తుకు ఒక మూల్యం ఉంది. ఓపెన్‌కాస్టును ఎదిరించే ఊపులో భూగర్భ గనిని నిలదీసి చూసే అలవాటు తప్పింది.

ఇప్పుడు ప్రభుత్వ విధానం కూడా అటే మొగ్గుతోంది. 2030 నాటికి భూగర్భ గనుల నుంచి 10 కోట్ల టన్నులు తీయాలన్నది కేంద్ర బొగ్గు శాఖ లక్ష్యం. 2025 ఏప్రిల్‌లో భూగర్భ బ్లాకుల వేలానికి కనీస ఆదాయ వాటాను 4 శాతం నుంచి 2 శాతానికి తగ్గించి, ముందస్తు చెల్లింపును ఎత్తేశారు. కొత్త గనులు వచ్చే కొద్దీ అంచనా నివేదికలూ వస్తాయి.

చట్టం అడిగేది

1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994 జనవరిలో తొలి నోటిఫికేషన్, 2006 సెప్టెంబరులో దాని స్థానంలో రెండోది వచ్చాయి. రెండో దాని ప్రకారం గని దస్త్రం వడపోత, పరిధి నిర్ణయం, ప్రజాభిప్రాయ సేకరణ, నిపుణుల మదింపు అనే మెట్లెక్కాలి. దస్త్రం ఢిల్లీకి వెళ్లాలా, రాష్ట్ర కమిటీ దగ్గరే తేలాలా అన్నది లీజు విస్తీర్ణం చెబుతుంది, తవ్వే పద్ధతి కాదు. లీజు హద్దులోపలి భూమిని కోర్ జోన్ అని, చుట్టూ 10 కిలోమీటర్లను బఫర్ జోన్ అని విడదీసి గాలి, నీరు, చప్పుడు, నేల, చెట్టూచేమా, జనజీవనం వివరాలు సేకరిస్తారు.

వానాకాలం వదిలేసి ఒక ఋతువు పాటు, అంటే మూడు నెలలు సేకరించిన వివరాలు చాలు. బావుల నీటిమట్టాలు మాత్రం వానలకు ముందు, తర్వాత చూడమంటారు. దుమ్ము కొలవడానికి ఎండాకాలం సరైనదే. కుంగిన నేలలో నీళ్లు ఎటు పారుతున్నాయో చూడాలంటే ముసురు పట్టిన రోజు కావాలి. ఇలా మూడు నెలల కొలతల మీద వచ్చే అనుమతి 2006 నోటిఫికేషన్ ప్రకారం గరిష్ఠంగా 30 ఏళ్లు చెల్లుతుంది. 2022 సవరణతో మరో 20 ఏళ్లు పొడిగించుకునే వీలు కూడా వచ్చింది.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టరు గానీ అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. ఇంతమంది రావాలన్న కోరం లేదు. స్థానిక భాషలో తప్పనిసరిగా ఉండాల్సింది నివేదిక సారాంశం ఒక్కటే. కుంగుబాటు పటాలు, నీటిమట్టాల పట్టికలు ఉండే అసలు సంపుటాలు సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటాయి. షామియానా కింద మైకు అందుకున్న రైతు ఉద్యోగం గురించి, పరిహారం గురించి అడుగుతాడే తప్ప ఫలానా ప్యానెల్ (ఒక విడతగా బొగ్గు తీసే గని భాగం) మీద నేల ఎంత దిగుతుందని అడగడు. అందుకు కారణం ఆసక్తి లేకపోవడం కాదు, ఆ పటం అతని చేతికి అందకపోవడం.

అటవీ భూమి ఉంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద వేరే దస్త్రం నడుస్తుంది. కుంగుబాటు అంచనా అక్కడ తప్పనిసరి. ఇల్లందు, మణుగూరు లాంటి చోట్ల ఐదో షెడ్యూలు, 1996 నాటి పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం కూడా వర్తిస్తాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గని లీజులు కుదరవన్న 1997 నాటి సమతా తీర్పు ప్రభుత్వ సంస్థలను ఆ నిషేధం నుంచి తప్పించింది. ఇక గని లోపలి పద్ధతికి అనుమతి గనుల భద్రతా డైరెక్టరేట్‌ది. నేల కుంగడానికి అసలు కారణమైన పిల్లర్ల తీత ఒక కార్యాలయంలో, ఆ కుంగుబాటు ఫలితం మరో కార్యాలయంలో పరిశీలనకు వస్తాయి. రెండు దస్త్రాలూ ఒకే బల్ల మీదికి చేరే ఏర్పాటు బలంగా లేదు.

కుంగుబాటు లెక్క

గోదావరి లోయలో ఎక్కువగా సాగింది బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి. మొదట బొగ్గు పొరలో గడులు గడులుగా దారులు తొలిచి, మధ్యలో బొగ్గు పిల్లర్లను వదులుతారు. ఈ దశలో నేల దాదాపు కదలదు. తర్వాత డిపిల్లరింగ్ చేస్తూ వెనక్కి వస్తారు, అంటే నిలబెట్టిన పిల్లర్లనే తీసేస్తారు. అప్పుడు రెండు దారులుంటాయి. కప్పును కూలనివ్వడం ఒకటి, ఖాళీలో నీటితో కలిపి ఇసుక నింపడం రెండోది. లాంగ్‌వాల్ పద్ధతిలో పిల్లర్లు ఉండవు. సింగరేణి అడ్రియాల గనిలోలా వందల మీటర్ల పొడవైన బొగ్గు గోడను యంత్రం చెక్కుకుంటూ పోతుంటే వెనక కప్పు కూలుతూ వస్తుంది.

పైన నేల ఎంత దిగుతుందన్నది పొర మందం, లోతు, తీసిన వెడల్పు, పైనున్న రాతి గట్టిదనం, ఇసుక నింపారా లేదా అన్న వాటిని బట్టి ఉంటుంది. బ్రిటన్ బొగ్గు బోర్డు 1975 నాటి చేతిపుస్తకం ప్రకారం కూల్చే పద్ధతిలో దిగుబాటు తీసిన మందంలో 90 శాతం దాకా పోవచ్చు. మన గోండ్వానా ఇసుకరాళ్లు గట్టివి, కాబట్టి ఇక్కడ అంతకన్నా తక్కువ వస్తుంది. అయితే గట్టి రాయితో ఒక ఇబ్బంది ఉంది. మెల్లగా వంగకుండా చాలాకాలం నిలబడి ఒక్కసారిగా విరుగుతుంది. ఇసుక బాగా నింపితే దిగుబాటు తీసిన మందంలో 5 శాతం చుట్టుపక్కలకు తగ్గుతుంది.

లెక్కకు మూడు మీటర్ల పొర తీసుకుంటే, కూల్చే పద్ధతిలో 60 శాతం అనుకున్నా నేల 1.8 మీటర్లు దిగాలి. ఇసుక నింపితే జానెడుకు మించదు. కానీ నేలకు హాని చేసేది దిగడం కన్నా సమంగా దిగకపోవడం. ప్యానెల్ నడిమధ్య ఉన్న ఇల్లు మొత్తంగా కిందికి దిగి క్షేమంగా ఉండొచ్చు. ప్యానెల్ అంచు మీదున్న ఇంటి గోడ చీలుతుంది. అందుకే నివేదికల్లో దిగుబాటుతో పాటు వాలు, సాగుదల అనే మరో రెండు అంకెలుంటాయి. మన దేశపు వాడుకలో కట్టడాలకు మీటరుకు 3 మిల్లీమీటర్ల సాగుదల, అడవికి 20 మిల్లీమీటర్ల దాకా సహించదగినవిగా తీసుకుంటారు.

వరి మడి ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఇరుక్కుంటుంది. దానికి ముఖ్యం సాగుదల కాదు, వాలు. మీటరుకు 10 మిల్లీమీటర్ల వాలు టేకు చెట్టుకు తెలియనే తెలియదు. ముప్పై మీటర్ల మడిలో అదే వాలు ఒక గట్టుకూ ఎదుటి గట్టుకూ 30 సెంటీమీటర్ల తేడా తెస్తుంది. నాటేసిన పొలంలో నిలవాల్సిన నీళ్లు రెండు మూడు అంగుళాలు. ఒక పక్క పైరు మునిగితే మరో పక్క ఎండుతుంది. మళ్లీ చదును చేయిస్తే పైన ఉన్న సారవంతమైన మట్టి కిందికి పోతుంది. నివేదికలో ఆ మడి ‘తాత్కాలిక ప్రభావం, చదునుతో సరిదిద్దవచ్చు’ అన్న వరుసలో చేరుతుంది. చదునుకు ఎవరు డబ్బు పెడతారు, పోయిన కారుకు లెక్క ఎవరు కడతారు అన్నది ఆ వరుసలో పట్టదు.

నెర్రెల సంగతి కూడా ఇలాంటిదే. నల్లరేగడి ఎండాకాలంలో తనంతట తానే నెర్రెలు విచ్చి, తొలకరికి పూడుకుంటుంది. అవి వలలాగా అన్ని దిక్కులకూ ఉంటాయి. గని వల్ల వచ్చిన నెర్రె ప్యానెల్ అంచు వెంట వరుసలో, పొలం గట్లను, బండ్ల బాటను లెక్కచేయకుండా పోతుంది. చల్క నేలల్లో అయితే అది వానకు పూడకపోగా కోతపడి వెడల్పవుతుంది. ప్యానెల్ పటాన్ని, నేల రకాల పటాన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఎక్కడ కాపలా కాయాలో ముందే తెలుస్తుంది. ఖర్చు లేని ఆ పని చాలా నివేదికల్లో కనబడదు. రెండు పటాలూ వేర్వేరు అధ్యాయాల్లో ఉండిపోతాయి.

నీటి దారి

బొగ్గు ఉండే బరాకర్ రాళ్లలోనూ వాటిపైని కాంప్టీ ఇసుకరాళ్లలోనూ నీళ్లుంటాయి. గని నడవాలంటే ఆ నీటిని నిత్యం తోడిపోయాలి. లోతు పొరల్లో మట్టం పడిపోవడం ఖాయం. ఊరి బావి, చేతిపంపు తాగేది పైపొర నీరు. రెండింటి మధ్య మట్టిరాయి పొర చెక్కుచెదరకుండా ఉంటే పై నీటికి ఏమీ కాదని ఇంజినీర్ల మాట. అయితే కప్పు కూలినప్పుడు విరిగిన మండలం తీసిన బొగ్గు మందానికి ఎన్నో రెట్ల ఎత్తుకు పోతుంది. లోతు తక్కువైన గనిలో అది పైపొర దాకా అందుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. తోడిన గని నీటిని చెరువుల్లోకి, పొలాల్లోకి వదలడం బొగ్గు ప్రాంతాల్లో ఉన్నదే. గని నడిచినన్నాళ్లూ ఆయకట్టు పెరుగుతుంది కూడా. దాన్ని ప్రయోజనం కింద రాసే నివేదిక, పంపు ఆగిన రోజు ఆ ఆయకట్టు ఏమవుతుందో రాయాలి.

ఇసుక నింపడాన్ని అందరూ మందుగానే చూస్తారు. ఆ ఇసుక వచ్చేది గోదావరి నుంచి, వాగుల నుంచి. పైన పొలాన్ని కాపాడడానికి నది అడుగు తోడిన లెక్క గని అంచనాలో కాక, ఉంటే గింటే ఇసుక రీచ్ అనుమతిలో ఉంటుంది. ఇసుకకు బదులు విద్యుత్ కేంద్రాల బూడిద, ఓపెన్‌కాస్టు మట్టి వాడాలన్న ప్రతిపాదనలు అందుకే ముందుకొచ్చాయి. బూడిదలోని లోహాలు గని నీటిలోకి దిగుతాయేమోనన్నది వాటిమీద ఉన్న అనుమానం.

మూడు వాదాలు

మొదటిది గని ఇంజినీర్ల దృక్పథం. కుంగుబాటును లెక్కకట్టవచ్చు, అదుపు చేయవచ్చు అంటారు. ప్యానెల్ వెడల్పు తగ్గించి, మధ్యలో అడ్డుగోడగా బొగ్గు వదిలి, ఇసుక నింపి, పైన స్తంభాలు పాతి నేల మట్టం కొలుస్తూ పోతే చాలు. ధన్‌బాద్‌లోని గనుల, ఇంధన పరిశోధన సంస్థ చేసిన కొలతల మీద నిలిచిన వాదమిది. దీని బలం అంకెలు. బలహీనత, ప్రతి జాగ్రత్తకూ భూమిలో వదిలేసిన బొగ్గు రూపంలో ఖర్చుండడం. భూగర్భ గనులు ఎక్కువగా నష్టాల్లో నడుస్తాయని కంపెనీలే చెబుతాయి. అలాంటప్పుడు కాగితం మీద రాసిన జాగ్రత్త గనిలో ఎంతవరకు నిలుస్తుందన్నది లెక్కల్లోకి రాదు.

రెండోది నీటి, జీవావరణ నిపుణులది. రాతిని ముందే చదవగలమన్న ధీమా చెల్లదు, కోలుకోలేని నష్టం ఉన్న చోట తవ్వకుండా వదలాలి అంటారు. చిత్తడి నేలలు, వాగు పుట్టుచోట్లు వీరి ఉదాహరణలు. చెరువు గొలుసులున్న తెలంగాణలో ఈ వాదానికి మంచి పట్టుంది. ఒక చెరువు పడక పగిలితే ఆ ఒక్క ఆయకట్టుతో ఆగదు, కింది చెరువుల దాకా పోతుంది. అయితే ఎక్కడ ఆపాలో చెప్పే కొలబద్ద ఇవ్వడంలో వీరు కొంత తడబడతారు.

మూడోది హక్కుల దృష్టి. భూమి సేకరించలేదు కాబట్టి పైనున్న రైతు నిర్వాసితుల జాబితాలో లేడు. ఖనిజాల చట్టం 24ఏ సెక్షన్ ప్రకారం ఉపరితలానికి జరిగిన నష్టానికి లీజుదారు పరిహారం ఇవ్వాలి. ఆచరణలో తన గోడ పగులు గని వల్లే వచ్చిందని చూపే బరువు మాత్రం రైతు మీదే పడుతుంది. అభ్యంతరాలను నిపుణుల కమిటీ ఎందుకు తోసిపుచ్చిందో కారణాలు రాయాలని గోవా గని కేసులో, ఉత్కర్ష్ మండల్ పిటిషన్ మీద 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నివేదిక రాసే కన్సల్టెంటుకు ఫీజు ఇచ్చేది గని యజమానే కావడం వీరి పాత ఫిర్యాదు. కన్సల్టెంట్లకు గుర్తింపు ఇచ్చే విధానం వచ్చాక నాణ్యత కొంత మెరుగైనా ఆ ఫిర్యాదు తీరలేదు.

మొదటి వాదం ‘ఎంత’కు, రెండోది ‘ఎక్కడ’కు, మూడోది ‘ఎవరికి’కి జవాబు వెతుకుతాయి. ఒకదాని జవాబుతో మరోదాన్ని కొట్టేయడం వల్లే చర్చ ముడిపడింది.

బయటి అనుభవం

అమెరికాలోని పెన్సిల్వేనియా 1994లో చేసిన 54వ చట్టం నిరూపణ బరువును తిప్పేసింది. బొగ్గు తీసిన అంచు నుంచి 35 డిగ్రీల కోణంలో పైకి గీసిన గీత లోపల ఎవరి బావి ఎండినా కారణం గనేనని ముందుగా అనుకుంటారు, కాదని చూపాల్సింది కంపెనీ. మూడు వందల మీటర్ల లోతు గనికి ఆ గీత ప్యానెల్ అంచు దాటి సుమారు 210 మీటర్లు పోతుంది. ఐదేళ్లకోసారి నేల మీది ప్రభావాలపై నివేదిక వెలువరించాలన్నదీ ఆ చట్టంలోదే. అంచనా ఎంత నిజమైందో తెలిసే దారి అది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో లాంగ్‌వాల్ గనుల మీద వాగుల పడకలు పగలడంతో 2008లో దక్షిణ బొగ్గు క్షేత్రంపై విచారణ నివేదిక వచ్చింది. లోయల్లో నేల దిగడానికి బదులు పడక పైకి ఉబికి పగలడం, అదీ లెక్కకట్టిన హద్దు అవతల జరగడం ఇంజినీర్ల ధీమాకు గట్టి దెబ్బ. సిడ్నీ తాగునీటి పరీవాహకం కింద డెండ్రోబియం గని విస్తరణను 2021 ఫిబ్రవరిలో స్వతంత్ర ప్రణాళికా సంఘం తిరస్కరించింది.

బ్రిటన్‌లో ప్రశ్న నేల దాటి గాలిలోకి పోయింది. వైట్‌హేవెన్ దగ్గర భూగర్భ గనికి 2022 డిసెంబరులో ఇచ్చిన అనుమతిని 2024 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. తీసిన బొగ్గును కాల్చినప్పుడు వచ్చే ఉద్గారాలను లెక్కలోకి తీసుకోకపోవడం ప్రధాన కారణం. మన విధానంలో గని అంచనా బొగ్గు రైలెక్కే దాకానే.

తేలని లెక్కలు

మొదటిది, అంచనాకు ప్రమాణం ఏది? లీజు హద్దా, కుంగుబాటు కోణమా, నీటి పరీవాహకమా? పక్కపక్కనే అరడజను గనులున్న శ్రీరాంపూర్, మందమర్రి లాంటి చోట్ల ఒక్కో గనికి విడివిడిగా ‘స్వల్పం’ అని వచ్చిన నీటి ప్రభావాలను కలిపి చూసే పని ఇంకా అరకొరగానే ఉంది.

రెండోది, గని రూపం మారడం. రామగుండం, మందమర్రి, ఇల్లందు ప్రాంతాల్లో పాత భూగర్భ పనుల మీదే తర్వాత ఓపెన్‌కాస్టులు తెరిచారు. కొత్త గనికి కొత్త అనుమతి తీసుకుంటారు, నిజమే. కానీ మొదటి రోజు భూగర్భ గనికి ఊరు ఇచ్చిన సమ్మతి ‘నేల మనకే ఉంటుంది’ అన్న నమ్మకం మీద ఇచ్చింది. వదిలిన పిల్లర్లలోని బొగ్గు తర్వాతి తరానికి ఓపెన్‌కాస్టు కారణమయ్యే అవకాశాన్ని మొదటి అంచనాలోనే రాయాలా అన్నది ఎవరూ తేల్చలేదు.

మూడోది, ‘తక్కువ’కు ధర. అటవీ భూమి వాడకానికి కట్టాల్సిన నికర ప్రస్తుత విలువలో భూగర్భ గనికి సగం చెల్లిస్తే చాలని 2008లో సుప్రీంకోర్టు అంగీకరించిన పట్టిక చెబుతుంది. గని మూసివేత కోసం ఎస్క్రో ఖాతాలో వేయాల్సిన సొమ్ము 2009 ఆగస్టు ధరల్లో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష. 2020 మార్గదర్శకాల్లో అవి 9 లక్షలు, లక్షన్నర అయ్యాయి. రెంటిలోనూ నిష్పత్తి ఆరింట ఒక వంతే. అడవి విషయంలో సగంగా లెక్కకొచ్చిన నష్టం, మూసివేత విషయంలో ఆరో వంతు ఎలా అయిందో ఏ కుంగుబాటు కొలతా చెప్పదు.

మూసివేత తర్వాతి కాలం చర్చలో అన్నిటికన్నా పలుచన. పంపులు ఆపాక గనిలో నీరు ఏళ్ల తరబడి మెల్లగా నిండుతుంది. తడిసిన పాత పిల్లర్లు మెత్తబడి, తక్కువ లోతున్న చోట దశాబ్దాల తర్వాత కూడా గుంటలు పడతాయి. ఝరియా, రాణిగంజ్‌లలో బొగ్గు గనుల జాతీయీకరణకు ముందు ఇసుక నింపకుండా వదిలిన ఖాళీల బరువు ఇప్పటికీ మోస్తున్నారు. 2009లో ఆమోదించిన పునరావాస ప్రణాళికలో ఒక్క ఝరియా అంచనా వ్యయమే 7,112 కోట్ల రూపాయలు. గోదావరి లోయలో ఝరియాలోలా పెద్ద భూగర్భ మంటలు లేవు, ఇసుక నింపిన గనులు చాలా ఉన్నాయి. అయినా మూతపడ్డ ఇంక్లైన్ల పటాలు గ్రామ పంచాయతీలో గానీ రిజిస్ట్రేషన్ కార్యాలయంలో గానీ గోడకు వేలాడవు. ప్లాటు కొని ఇల్లు కట్టుకునేవాడు కింద ఏముందో సర్వే నంబరు చూసి తెలుసుకోలేడు.